దారిలో నిలిచిన బండి

బండి సాగుచున్నంతసేపు చక్రమును తలచువారు అరుదు. అది నిలిచిపోయిన క్షణమున పిల్లలు మొదలు పెద్దల వరకు అందరి చూపులును దానిమీదనే పడును. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల కుటుంబములకు ఈ అనుభవము క్రొత్తది కాదు. మహాశివరాత్రి సమీపించినదనగా బియ్యము, వంటపాత్రలు, పఱచుకొను చాపలు, పశువుల మేత బండిలో వేసికొని ఇంటిల్లిపాదియు జాతరకు తరలిపోవుట ఈ సీమలో తరతరముల ఆచారము.

మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించు ఏడుపాయల క్షేత్రము మెదక్ జిల్లా పాపన్నపేట మండలమున నున్నది. ఎల్లారెడ్డి నుండి నాగిరెడ్డిపేట, పోచారము, మెదక్ మీదుగా అచ్చటికి దారి కలదు. వనదుర్గాభవాని జాతరకు వచ్చినవారు చెట్లక్రింద విడిసి, మూడు రాళ్ల పొయ్యిమీద వండుకొని, రాత్రి బండినే ఆశ్రయించి నిద్రింతురు. ఆ రెండు మూడు దినములు బండియే వారి ఇల్లు. అట్టి బండి నడిదారిలో విరిగినచో ఆగునది ప్రయాణమొక్కటే కాదు. ఒక సంసారము రోడ్డున పడును.

ఎద్దుబండి రోగములు వేరు, వానికి మందులు వేరు. శివరాత్రి నాటికి చలి తగ్గి ఎండ ముదురును. కొయ్యచక్రము ఎండి కుంచించుకొనగా, దాని చుట్టునున్న ఇనుప పట్టా వదులగును. బండి తోలు రైతు ఆ కిరకిర ధ్వనిని వినియే సంగతి గ్రహించి, త్రోవలోని చెరువులో చక్రములు మునుగునట్లు బండిని దింపెడివాడు. నీరు పీల్చి కొయ్య ఉబ్బగా పట్టా మరల బిగిసెడిది. ఆ పట్టాను తొడుగుటలోనే ఒక పాఠము కలదు. కమ్మరి దానిని చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయును. మంటలో కాల్చగా అది వ్యాకోచించును. ఎఱ్ఱగా నున్నప్పుడే చక్రమునకు తొడిగి నీళ్లు పోయగా సంకోచించి కొయ్యను గట్టిగా పట్టుకొనును. పాఠశాలలో లోహపు గుండు, వలయముతో చూపు ప్రయోగము ఊరి కొలిమి వద్ద ఏనాటినుండియో జరుగుచుండెడిది.

ఇరుసు ఒరసికొనకుండుటకు ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టములో నింపి బండికి వ్రేలాడదీసెడివారు. చక్రము జారిపోకుండ ఇరుసు చివర నిలుచు కడశీల మఱియొకటి మూటలో నుండెడిది. బండ్లు బారులుగా సాగెడివి గనుక, ఒకటి ఆగినచో వెనుకవి కూడ ఆగెడివి. ఇరుసే విరిగినచో సమీప గ్రామమున వడ్రంగియు, కమ్మరియు లభించెడివారు. మందు రోగికి దగ్గరలోనే యుండెడిది.

ఇప్పుడు ఎద్దుబండి స్థానమున ట్రాక్టరు ట్రాలీ వచ్చినది. రబ్బరు చక్రము కొయ్యవలె ఎండదు. కందెన గొట్టముతో పని లేదు. వేగము హెచ్చినది, బరువు హెచ్చినది, ఆపద స్వరూపము మారినది. బేరింగులో గ్రీజు లేనిచో చక్రపు నడుము కాలిపోవును. కొంతదూరము పోయిన పిదప బండి ఆపి, ఆ భాగమును తాకక, చేతివెనుక భాగమును దగ్గరగా నుంచి చూచినచో ఏ ప్రక్క వేడి యెక్కువగా నున్నదో తెలియును. రెండు ప్రక్కల వేడిమిలో చాల భేదమున్నచో ఆ ప్రక్క బేరింగును పరీక్షింపక ముందుకు సాగరాదు.

రెండు చక్రముల ట్రాలీ త్రాసుకోల వంటిది. ఇరుసు దాని ముల్లు. సామాను బరువు ఇరుసునకు కొంచెము ముందుండవలెను. అంతయు వెనుక వేసినచో ముందరి కొక్కెము పైకి లాగబడి, ట్రాలీ ఇటునటు ఊగును. కొక్కెమును ట్రాక్టరుతో కలుపు పిన్ను అరిగియుండి తెగినచో, ముందరి దండము నేలకు గుచ్చుకొనును, లేదా ట్రాలీ వెనుకకు ఒరగును. అందుచేతనే పిన్నుతోపాటు రక్షణగా ఒక గొలుసు కూడ తగిలింపవలెను.

కామారెడ్డి జాతీయ రహదారిమీదను, రైలుమార్గముమీదను నున్న పట్టణము. అచట మరమ్మతు దుకాణములకు కొదువ లేదు. అచటినుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. ఆ నడిమి దారిలో గాని, పోచారము అడవిదారిలో గాని చక్రము దిగబడినచో మొదటి గంట కుటుంబము తనకు తానే దిక్కు. బండిని ఎడమ ప్రక్కకు, వీలైనంత రోడ్డు విడిచి ఆపవలెను. మొదట పిల్లలను, వృద్ధులను రోడ్డునకు దూరముగా చెట్టునీడకు చేర్చవలెను. చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టి, బరువు దింపి, నట్లను కొద్దిగా వదులు చేసిన పిమ్మటనే జాకీ ఎత్తవలెను. మెత్తని నేలయైనచో జాకీక్రింద గట్టి పలక వేయవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి ట్రాలీ క్రిందికి దూరుట ప్రాణములతో చెలగాటము.

ఇంకొక మాట దాచిపెట్టరానిది. ట్రాలీ సరకు కొఱకు ఏర్పడినది. అందులో యాత్రికులను కూర్చుండబెట్టుట మోటారు వాహనముల నిబంధనలకు విరుద్ధము. కూర్చున్నవానికి పట్టుకొన ఆధారము లేదు. బండి బోల్తాపడినచో తప్పించుకొన దారియు లేదు. సామాను ట్రాలీలోను, మనుష్యులు బస్సులోను పోయినచో జాతర సంబరమున లోపము రాదు. విరిగిన ఇరుసునకు బదులు ఇరుసు దొరకును. ఇంటి బిడ్డకు బదులు దొరకదు.

జాతరకు ముందు వారమున పాఠశాలలో ఒక గడియ ఈ విషయమునకు కేటాయించుట ఉపాధ్యాయులకు కష్టము కాదు. ఘర్షణ, వ్యాకోచము, తులాదండము అను మూడు పాఠములును ఇంటిముందరి బండిలోనే యున్నవి. పిన్ను అరిగినదా, గొలుసు కలదా, నట్లు బిగువుగా నున్నవా, టైరులో గాలి చాలునా, వెనుక ఎఱ్ఱని మెఱుపు పట్టీ అంటియున్నదా అని బయలుదేరు ముందు తండ్రిని అడుగగల పిల్లవాడు ఆ పాఠమును నిజముగా నేర్చినవాడు.

బండి బాగుపడి కదలునప్పుడు ఆనందములో పలువురు మఱచు పని ఒకటి కలదు. చక్రములకు అడ్డుపెట్టిన రాళ్లను, గురుతుగా వేసిన కొమ్మలను రోడ్డుమీదనే విడిచిపోవుదురు. చీకటిలో వెనుక వచ్చు సైకిలువానికి, మోటారుసైకిలువానికి ఆ రాయియే మృత్యువు కాగలదు. ఆ రాళ్లను ఏరి రోడ్డు ప్రక్కకు వేసిన పిమ్మటనే మరమ్మతు ముగిసినట్లు.