కాళ్ళతో దూకని పురుగు

పిల్లలూ! కప్ప ఎలా దూకుతుందో మీకు తెలుసు. వెనక కాళ్ళు ముడుచుకుని, నేలను తన్ని లేస్తుంది. మిడతా అంతే. కాని ఆరు కాళ్ళు ఉండి కూడా, దూకడానికి వాటి సాయం కోరని జీవి ఒకటి ఉన్నది. దాని శాస్త్రీయ నామం డిసిర్టోమినా మినూటా. పేరు దానికన్నా పొడుగు! ఒళ్ళు ఆవగింజంత, పొట్ట బంతిలా గుండ్రన. ఎండుటాకుల కింద తేమలో తిరుగుతుంది. రెక్కలు లేవు, కుట్టడానికి కొండి లేదు. శత్రువు మీదికి వస్తే క్షణంలో మాయం కావలసిందే.

ఇలాంటి జీవులను ఇంగ్లీషులో స్ప్రింగుటెయిల్ అంటారు. అనగా తోకలో స్ప్రింగు గలది. పొట్ట కింద పంగలకర్ర వంటి అవయవం ఒకటి ముందుకు మడిచి, చిన్న కొక్కెంతో బిగించి ఉంటుంది. కొక్కెం ఊడిందా, పంగ ఫెళ్ళున నేలను కొడుతుంది. గూటీబిళ్ళ ఆటలో బిళ్ళ కొనమీద కొడితే ఏమవుతుంది? గిరగిరా తిరుగుతూ పైకి లేస్తుంది. ఈ పురుగూ అలాగే లేస్తుంది. అయితే ఇక్కడ బిళ్ళా అదే, కర్రా అదే!

ఇది నేల విడవడానికి సెకండులో వెయ్యో వంతు చాలు. మరి కంటికి ఎలా కనిపిస్తుంది? అమెరికాలో నార్త్ కరొలైనా శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ స్మిత్ తన పెరటి ఆకుల్లో వీటిని ఏరి, కుంచెతో మెల్లగా తాకి, సెకండుకు 40,000 బొమ్మలు తీసే కెమెరాతో పట్టాడు. జేకబ్ హారిసన్‌తో కలిసి 2024లో ఆ వివరాలు ప్రకటించాడు.

పురుగు గాలిలో వెనక్కి పిల్లిమొగ్గలు వేస్తున్నది! ఆ వేగం సెకండుకు 368 చుట్ల దాకా ఉన్నది. మన ఇంటి పంకాకు అన్ని చుట్లు తిరగాలంటే సుమారు ఒక నిమిషం పడుతుంది. ఎత్తు 60 మిల్లీమీటర్లు దాటింది. తన ఎత్తుకు 60 రెట్లు. నాలుగడుగుల పిల్లవాడు అలా ఎగిరితే 238 అడుగుల కుతుబ్ మీనారు దాటిపోతాడు.

దిగడం మాత్రం అంత సొగసుగా ఉండదు. ఒకప్పుడు పొట్ట కిందినుంచి జిగట గొట్టం చాపి, నేలను అంటుకుని నిలుస్తుంది. ఒకప్పుడు అదీ లేదు, దొర్లుకుంటూ పోయి ఎక్కడో ఆగుతుంది. అయినా శత్రువుకు చిక్కలేదు కదా!

దీని చుట్టాలు మన దేశంలోనూ ఉన్నవి. వానాకాలంలో చెట్టు కింది తడి ఆకులు తెల్ల కాగితం మీద దులిపి చూడండి. గుండ్రని చుక్క ఒకటి కదులుతూ కదులుతూ మాయమైతే, వెనకవైపు వెతకండి. డిసిర్టోమినా చదునైన నేల మీదినుంచి ఒక్కసారైనా ముందుకు దూకలేదట.