ఆంగ్లసాహిత్య పఠనము – ఇంటిభాష



శబరీతీరమందలి చింతూరు ప్రాంతమున, ఇంట కోయభాషయు బడిలో తెలుగును నేర్చిన మనుమడో మనుమరాలో ఆంగ్లసాహిత్యము ప్రధానవిషయముగా బి.ఏ. చదివెద ననిన, మీకు రెండు సందేహములు కలుగుట సహజము. ఆ చదువువలన ఫలమేమి? చదివిన పిదప బిడ్డ మనకు దూరము కాదు గదా?

ఆంగ్లము మాటలాడ నేర్చుట వేఱు, ఆంగ్లసాహిత్యము చదువుట వేఱు. షేక్స్పియరు మొదలగువారి నాటకములను, కావ్యములను, నవలలను పఠించి, కవి యా మాటనే యేల వాడెనో, ఆ పాత్ర యట్లేల నడచెనో అందు విచారింతురు. మన పండితులు ప్రబంధములకు అర్థతాత్పర్యములు చెప్పుటవంటిదే యిది. దీనివలన వివేచనము, స్పష్టముగా వ్రాయు నేర్పు అలవడును. అయినను బి.ఏ. పట్టముతోడనే ఉపాధ్యాయపదవి లభింపదు. ఉన్నతపాఠశాలలో బోధించుటకు బి.ఎడ్. శిక్షణమును, కళాశాలలో బోధించుటకు ఎం.ఏ. మొదలగు పైచదువును వలయును. ఈ సంగతి ముందే యెఱుగుట మేలు.

రెండవ సందేహమునకు గురజాడ అప్పారావుగారి చరిత్రమే సమాధానము. విజయనగరమున విద్యార్థిగా నున్నపుడే 1883లో వారు సారంగధర కథను ఆంగ్లపద్యములలో వ్రాసిరి. కలకత్తా పత్రికాసంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు దానిని మెచ్చుకొనియు, మాతృభాషలోనే వ్రాయుమని హితవు చెప్పిరి. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన కన్యాశుల్కము తెలుగువారి నోటిమాటలతోనే వెలసినది. ఆంగ్లవిద్య వారిని తెలుగునకు దూరము చేయలేదు.

కావున బిడ్డ సెలవులకు వచ్చినపుడు, చదివిన కథ నొకదానిని ఇంటిభాషలో చెప్పుమనుడు. మీరును మన కోయపాట నొకదానిని పాడి, దాని యర్థము తెలుపుడు. ఈ రాకపోక లున్నంతకాలము ఆ చదువునకు వెఱవ బనిలేదు.