రాతిగోడల మీద నిలిచిన ఐదు ఊళ్లు

ఇటలీ వాయవ్య తీరంలో, లా స్పెజియా రేవుకు పడమట, కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే చోట ఐదు చిన్న ఊళ్లున్నాయి. మోంటెరోస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే. ఈ ఐదింటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు. లిగురియా ప్రాంతానికి చెందిన ఈ తీరాన్ని, పక్కనున్న పోర్తొవెనెరేతోనూ దాని దీవులతోనూ కలిపి యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో ఇది జాతీయ పార్కు అయింది. కొండవాలంతా మనుషులు చేత్తో పేర్చిన రాతిగోడలే ఇక్కడి అతి గొప్ప కట్టడం.

ఈ తీరంలో చదును నేల దాదాపు లేదు. అందుకని సుమారు వెయ్యేళ్లుగా రైతులు వాలును మెట్లు మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టు అంచునా గోడ కట్టి, వెనక మట్టి నింపి ద్రాక్ష, ఆలివ్ పెంచుతూ వచ్చారు. ఆ గోడల్లో సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. అడుగున పెద్ద రాళ్లు పరిచి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా పైరాళ్లను ఏరి పేరుస్తారు. గోడను కొద్దిగా కొండవైపు వాల్చి, వెనక చిన్న రాళ్లు కూరుతారు. వాననీరు ఆ సందుల్లోంచి కారిపోతుంది కనుక మట్టి నాని గోడను తోసెయ్యదు. ఒక్క రాయి జారినా త్వరగా సర్దాలి. ఈ రాతిగోడల విద్య ఇటలీతో పాటు మరికొన్ని ఐరోపా దేశాలదీ కావడంతో, యునెస్కో 2018లో వాటన్నిటి ఉమ్మడి సంప్రదాయంగా దానిని గుర్తించింది.

ఊళ్లు కూడా ఆ కొండకు తగ్గట్టే పెరిగాయి. మధ్యయుగంలో ఈ తీరం జెనోవా గణరాజ్యం చేతికి వచ్చింది. సముద్రపు దొంగల భయంతో కట్టిన బురుజులు ఇంకా కనిపిస్తాయి. వెర్నాత్సాలో చర్చి నీటి అంచునే నిలబడి ఉంటుంది. కొర్నీల్యా ఒక్కటే నీటి అంచున కాక, సముద్రానికి సుమారు వంద మీటర్ల ఎత్తున కూర్చుంది. రైలు స్టేషను నుంచి ఆ ఊరికి నడిచి వెళ్లే దారిలో మూడు వందలకు పైగా మెట్లున్నాయి. 1975లో నోబెల్ అందుకున్న కవి ఎవుజేనియో మొంతాలే చిన్ననాటి వేసవులు మోంటెరోస్సోలో గడిచాయి.

చేలు దాటి పైకి వెళ్తే పైన్, చెస్ట్‌నట్ అడవులు. రాళ్ల మధ్య రోజ్‌మేరీ, థైమ్ పొదలు ఎండకు ఘాటుగా వాసనేస్తాయి. కింద సముద్రంలో కొంత భాగం రక్షిత ప్రాంతం. దాన్నీ కలుపుకుని ఫ్రాన్స్, ఇటలీ, మొనాకోలు 1999 ఒప్పందంతో ఏర్పరచిన సముద్ర జీవుల అభయారణ్యంలో తిమింగలాలు, డాల్ఫిన్లు తిరుగుతాయి.

ఇక్కడి తిండి కూడా ఈ కొండా, ఈ సముద్రమూ ఇచ్చిందే. లిగురియా పేరు చెప్పగానే గుర్తొచ్చేది పెస్తో. మన తులసికి దగ్గరి చుట్టమైన బాసిల్ ఆకులు, వెల్లుల్లి, ఉప్పు, పైన్ గింజలు, జున్ను, ఆలివ్ నూనె అందులో పడతాయి. పాలరాతి రోట్లో చెక్క రోకలితో ఆకును దంచకుండా తిప్పుతూ నూరితే రంగు నల్లబడదు. రోటి పచ్చడి తెలిసిన తెలుగువారికి ఈ ఓపిక కొత్త కాదు. శనగపిండిని నీళ్లు, నూనె, ఉప్పుతో జారుగా కలిపి, వెడల్పు రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చేది ఫరినాతా. మోంటెరోస్సో జాలర్లు రాత్రిపూట దీపాల వెలుగుకు చేరే ఆంకోవీ చేపలను పట్టి, ఉప్పుతో పొరలు పొరలుగా పేర్చి, పైన బరువు పెట్టి ఊరవేస్తారు. మెట్ల చేలలో కోసిన ద్రాక్షను నీడలో వారాల తరబడి ఆరబెట్టి షక్కెత్రా అనే తియ్యని వైన్ తీస్తారు. అంత శ్రమకు దక్కేది కొద్దిపాటి రసమే కాబట్టి దాన్ని చిన్న గ్లాసుల్లోనే పోస్తారు.

ఈ ఊళ్లకు రైలే మంచి దారి. లా స్పెజియా నుంచి సొరంగాల గుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కొద్ది నిమిషాలే. ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో నడకకు ఎండ అనుకూలం. తీరపు కాలిబాటలో కొన్ని భాగాలకు టికెట్టు కావాలి, గట్టి పట్టున్న బూట్లూ కావాలి. రియోమజ్జోరే, మనరోలాలను కలిపే 'ప్రేమ బాట' 2012లో రాళ్లు పడి మూతబడి, 2024లో మళ్లీ తెరుచుకుంది.

ఈ అందం నిలకడ లేనిది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు కొండల మీది మట్టి, రాళ్లు వెర్నాత్సా, మోంటెరోస్సో వీధులను ముంచెత్తాయి, ప్రాణాలు పోయాయి. గత శతాబ్దంలో చాలామంది రైతులు చేలు వదిలి పట్నాలకు వెళ్లారు. పట్టించుకునేవారు లేని గోడ కూలితే ఆ మట్టిని ఆపేది ఉండదు. అందుకే పార్కు, స్థానిక రైతులు పాత గోడలను తిరిగి కట్టే పనిలో ఉన్నారు. ఆ చేల వైన్, నూనె కొన్నవారి డబ్బు గోడ కట్టే చేతులకు చేరుతుంది. బాట వదిలి గోడల మీదికెక్కకుండా నడిచినా ఆ కొండకు మేలే.