గ్రాఫైటు పొరలలో అతిథులు

పెన్సిలుతో గీత గీసినపుడు గ్రాఫైటు పొరలు పొరలుగా జారి కాగితమునకు అంటుకొనును. ప్రతి పొరలోను కర్బన పరమాణువులు తేనెపట్టు గదులవలె షట్కోణములుగా అమరి, 1.42 ఆంగ్‌స్ట్రాముల దూరమున గట్టిగా బంధింపబడి యుండును. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. కాని పొరకును పొరకును నడుమ 3.35 ఆంగ్‌స్ట్రాముల ఎడము కలదు. అచటి ఆకర్షణ మిక్కిలి బలహీనము.

పిల్లలు పుస్తకపు పుటల నడుమ నెమలి ఈకను దాచినట్లు, ఈ ఎడములో ఇతర పరమాణువులను చేర్చవచ్చును. పుట చినుగదు, పుస్తకము మాత్రము లావెక్కును. ఇట్లేర్పడిన వాటిని అంతర్నివేశ సమ్మేళనములందుము. పంచాంగమున అధికమాసమును చేర్చుటకు ఆంగ్లేయులు వాడు ‘ఇంటర్‌కలేషన్’ అను మాటయే దీనికిని వాడుకలో నున్నది.

గాలి సోకకుండ గ్రాఫైటును పొటాసియము ఆవిరిలో వేడిచేసినచో, 8 కర్బన పరమాణువులకు ఒక పొటాసియము పరమాణువు చొప్పున లోనికి చేరును. ఎడము 5.35 ఆంగ్‌స్ట్రాములకు పెరుగును. నల్లని గ్రాఫైటు కంచురంగు దాల్చును. పొటాసియము తక్కువైనచో అన్ని ఎడములలోను కొద్దికొద్దిగా సర్దుకొనునని మనము ఊహింతుము. కాని అట్లు జరుగదు. ఒక ఎడము నిండి, ప్రక్కది ఖాళీగా నుండును. ఏలయన పొరలను విడదీయుటకు శక్తి కావలెను. అన్నిటిని కొంచెముగా తెరచుటకంటె, కొన్నిటిని తెరచి పూర్తిగా నింపుటకు తక్కువ శక్తి చాలును. ఇట్లు ఒకటి విడిచి ఒకటి నిండిన పదార్థము నీలిరంగుగా నుండును.

రంగు మారుటకును, విద్యుద్వాహకత పెరుగుటకును కారణము ఎలక్ట్రానులే. పొటాసియము తన ఎలక్ట్రానును కర్బన పొరల కిచ్చును. గాఢ గంధకికామ్లము చేరునపుడు ఇందుకు విరుద్ధముగా పొరలే ఎలక్ట్రానులను కోల్పోవును. కాల్షియము చేరిన గ్రాఫైటు 11.5 కెల్విన్ వద్ద విద్యున్నిరోధమును పూర్తిగా కోల్పోవునని 2005లో కనుగొనిరి.

సెల్‌ఫోను బ్యాటరీలో జరుగునదియు ఇదియే. దానిని విద్యుత్తుతో నింపునపుడు లిథియము అయానులు ద్రవము ద్వారా, ఎలక్ట్రానులు తీగ ద్వారా గ్రాఫైటును చేరును. 6 కర్బనములకు ఒక లిథియము నిండుసరికి ఎడము 3.70 ఆంగ్‌స్ట్రాములగును. ఫోను వాడునపుడు లిథియము వెలుపలికి పోవును. పొర చెడదు గనుకనే ఈ రాకపోకలు వందలసారులు సాగగలవు.

అయితే మిక్కిలి చలిలోగాని, మితిమీరిన వేగముతోగాని నింపినచో, లిథియము లోనికి పోలేక గ్రాఫైటు ఉపరితలముపైననే లోహముగా పేరుకొనును. అది సూదులవలె పెరిగి, ధ్రువముల నడుమనున్న పలుచని తెరను చీల్చినచో మంటలు పుట్టవచ్చును. కావున బ్యాటరీని ఎంత త్వరగా నింపవచ్చుననునది, అతిథులు ఆ పొరల నడుమకు ఎంత త్వరగా చేరగలవనుదానిపై చాలవరకు ఆధారపడి యున్నది.