అర సెకను పట్టిచ్చిన ఇంటి దొంగ

“ఓపెన్ సోర్స్‌ని నమ్మాలా, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని నమ్మాలా? ముఖచిత్ర కథనంగా తేల్చి రాయండి. శుక్రవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి” అన్నారు ఎడిటర్ గారు. పాత ఉదంతాలు తిరగేస్తూ 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు రాసిన బహిరంగ ఈమెయిల్ దగ్గర ఆగిపోయాను. ఎడిటర్ గారి ప్రశ్నకు దీనికంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్లలో ఒకడు. తాను భద్రతా నిపుణుణ్ని కానని ఆ ఈమెయిల్‌లోనే చెప్పుకున్నాడు. డేటాబేస్ వేగం కొలవాలని తన డెబియన్ లినక్స్ మెషీన్‌లో మిగతా సందడంతా తగ్గిస్తున్నాడు. దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెసర్‌ను విపరీతంగా తింటూ కనిపించింది. బయటి నుంచి ఎవరెవరో తప్పుడు యూజర్‌నేమ్‌లతో తలుపు తడుతున్నారు. వాటిని వెంటనే తిప్పి పంపడానికి ఇంత పనెందుకు? కొలిచి చూశాడు. 0.299 సెకన్లలో అవ్వాల్సింది 0.807 పడుతోంది. కొన్ని వారాల కిందట పోస్ట్‌గ్రెస్ పరీక్షల్లో కనిపించిన ఒక వింత హెచ్చరికా గుర్తొచ్చింది. తీగ లాగాడు, డొంకంతా కదిలింది. దొంగ ఉన్నది ఎస్‌ఎస్‌హెచ్‌లో కాదు. ఆ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటే లోడయ్యే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో, 5.6.0, 5.6.1 వెర్షన్లలో.

దాచిన తీరు చూడండి. అందరూ చూసే రిపాజిటరీలో ఆ దొంగను నిద్ర లేపే వరుసలు లేవు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు తీసుకునే విడుదల మూటలో (టార్‌బాల్), బిల్డ్-టు-హోస్ట్.ఎం4 అనే ఫైల్‌లో మాత్రమే ఉన్నాయి. అసలు సరుకు రెండు టెస్ట్ ఫైళ్లలో ఉంది. కుదించే సాఫ్ట్‌వేర్‌ను పాడైన ఫైళ్లతో పరీక్షించడం మామూలే కాబట్టి, ‘బ్యాడ్’ అని పేరున్న చెత్త ఫైల్‌ను చూసి ఇదేంటని ఎవరూ అడగరు. బిల్డ్ జరిగేటప్పుడు అందులోని ట్యాబ్‌లను స్పేస్‌లుగా, స్పేస్‌లను ట్యాబ్‌లుగా, హైఫన్లనూ అండర్‌స్కోర్లనూ తారుమారు చేయగానే చెత్త కాస్తా సరైన ఫైలయ్యేది. విప్పితే ఒక స్క్రిప్టు. ఆ స్క్రిప్టు రెండో ఫైల్‌లోంచి బ్యాక్‌డోర్‌ను, అంటే దొంగదారిని, బయటికి తీసేది. ఇక రహస్య కీ ఉన్నవాడు పాస్‌వర్డ్ లేకుండానే ఆ బ్యాక్‌డోర్ ఉన్న సర్వర్‌తో ఏ పనైనా చేయించుకోగలడు. తీవ్రతలో దీనికి పదికి పది వేశారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఒక చుక్క. బిల్డ్‌కు వాడే ఒక ఫైల్‌లో, ఒక వరుసలో, ఒంటరిగా ఒక ఫుల్‌స్టాప్. మెషీన్‌లో ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందో లేదో చూసే బుల్లి ప్రోగ్రామ్ ఆ చుక్క వల్ల కంపైల్ కాదు. కాకపోతే రక్షణ లేదనుకుని బిల్డ్ ముందుకు సాగిపోతుంది. ఈ చుక్కను ఎవరూ దాచలేదు. రిపాజిటరీలో, అందరి కళ్ల ముందే ఉంది. గుట్టు రట్టయిన మర్నాడు గానీ దాన్ని ఎవరూ తీసెయ్యలేదు.

తీసేసినవాడు లాసె కోలిన్. ఫిన్లండ్ మనిషి, ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా మోసినవాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి బుద్ధిగా ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో జిగర్ కుమార్, డెనిస్ ఎన్స్ అనే పేర్లు ప్రత్యక్షమై, పనులు నత్తనడక నడుస్తున్నాయని, బాధ్యత ఇంకొకరికి అప్పగించాలని కోలిన్‌ను సతాయించాయి. ఆ జూన్‌లో ఆయనిచ్చిన జవాబు చదివితే మనసు కలుక్కుమంటుంది. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని గుర్తుంచుకోమని రాశాడు. జియా టాన్‌కు ముందుముందు పెద్ద పాత్ర ఉండొచ్చని కూడా అందులోనే అన్నాడు. పాత్ర దక్కింది. ఆ పేరుతోనే విషం విడుదలైంది. వెనకున్నది ఎవరో ఇంతవరకూ తేలలేదు.

చరిత్రంటారా, గబగబా చెప్పుకుందాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించాడు. మరుసటి ఏడాది అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో కెన్ థాంప్సన్, సోర్స్ ఎంత శుభ్రంగా ఉన్నా కంపైలర్ చెడ్డదైతే మోసం తప్పదని చూపించాడు. 1991లో లినక్స్ వచ్చింది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని ఎంత కొద్దిమంది మోస్తున్నారో లోకానికి తెలిసింది.

మూసిన తలుపుల వెనక

సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ సాఫ్ట్‌వేర్‌ది సోర్స్ బయటికి చూపని పద్ధతి. దాడి చేసినవాళ్లు బిల్డ్ నడుస్తుండగా ఒక ఫైల్‌ను మార్చేశారు. కంపెనీ డిజిటల్ సంతకంతోనే, 2020 మార్చి నుంచి అప్‌డేట్లుగా అది దాదాపు 18,000 మంది కస్టమర్లకు చేరింది. డిసెంబరులో ఫైర్‌ఐ సంస్థ చెప్పేదాకా గుట్టు బయటపడలేదు. ఎక్స్‌జెడ్‌లోని విషం నెలా రెండు నెలల్లో, ప్రధాన డిస్ట్రిబ్యూషన్ల స్థిరమైన వెర్షన్లకు చేరకముందే దొరికింది.

సొంత కంపెనీయే పెడితే

2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు విండోస్ కంప్యూటర్లలో తమను తాము దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను చొప్పించాయి. మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టాక కంపెనీ ఆ సీడీలను వెనక్కి తీసుకుంది.

నేను ఓపెన్ సోర్స్ పక్షమే. అలాగని ఒక నిజాన్ని దాటెయ్యలేను: ఎక్స్‌జెడ్ దొంగను సోర్స్ చదివి ఎవరూ పట్టుకోలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ అర సెకను పట్టించింది. అయితే వాసన తగిలిన క్షణం నుంచి పనికొచ్చింది పారదర్శకతే. ప్యాచ్‌లు, బహిరంగ ఈమెయిళ్లు, ఆ చుక్కతో సహా, ఎవరైనా తవ్వి చూసేలా ఉన్నాయి. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ప్రపంచమంతా తవ్వింది. ఎక్స్‌జెడ్, సోలార్‌విండ్స్ కేసులు రెండింట్లోనూ విషం కలిసింది సోర్స్‌కూ తయారైన సరుకుకూ మధ్య దారిలో. ఆ దారి కూడా తెరిచి ఉంటేనే ఓపెన్ సోర్స్ అన్న మాటకు విలువ.

ఫ్రాయిండ్‌ను మైక్రోసాఫ్ట్ సీఈవో హోదాలో మన సత్య నాదెళ్ల బహిరంగంగా మెచ్చుకున్నారు. సంతోషం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రతి కంపెనీకీ నా విన్నపం ఒకటుంది. మీ ఉత్పత్తి కింద ఉన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీల జాబితా తీయండి. ఒక్కరే మోస్తున్నవి ఏవో చూడండి. వాళ్లకు డబ్బు పంపండి, ప్యాచ్‌లు సరిచూడటానికి మీ ఇంజినీర్లకు జీతంతో కూడిన సమయం ఇవ్వండి.