పూటకూటి మహానగరం

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో వింతలు చూస్తూ తిరుగుతారు. భోజనవేళకు లక్ష్మణవజ్ఝల ఇంటి ప్రసక్తి వస్తుంది. అక్కడ రూక ఒక్కటి చెల్లిస్తే కడుపునిండ కమ్మని భోజనం. ఆ తరువాత కొన్ని వందల యేండ్లకు గురజాడవారు విజయనగరపు పూటకూళ్ళమ్మను రంగస్థలం మీదికి తెచ్చినారు. ఆమె చీపురుకట్ట తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. అయినను మన సాహిత్యంలో పూటకూటి ఇంటికి గౌరవస్థానం దక్కలేదనే చెప్పవలెను. అన్నదానం పుణ్యమనీ, అన్నాన్ని అమ్ముకొనడం పాపమనీ తలచిన జాతి మనది. డబ్బిచ్చి తినేవాడు దిక్కులేనివాడనే చులకన కూడ దానివెంటనే వచ్చినది.

ఆ చులకన ఏనాడో పోయిన నగరం బొంబాయి. 1995లో దాని పేరు ముంబయిగా మారినది గాని, మన పల్లెలలో పెద్దవారి నోట ఇంకను బొంబాయే. రెండు రోజుల పనిమీద పోయినవారికి ఆ ఊరి వంట తెలియదు. బసచేసిన చోట ఏది పెడితే అది తిని రైలెక్కుతారు. నెలల తరబడి నిలిచిపోయేవారి సంగతి వేరు. పరేలులో 1941లో స్థాపితమైన టాటా స్మారక ఆసుపత్రికి రోగులను వెంటబెట్టుకొని తెలుగు జిల్లాలనుండి వచ్చేవారిని చూస్తే ఈ మాట బోధపడుతుంది. చికిత్స ఎప్పటికి ముగుస్తుందో తెలియదు, చేతిలో డబ్బు పరిమితం, రోగికి ఏది సయిస్తుందో వెదకి తేవలెను. మొదటి వారం ఇడ్లీ ఎక్కడ, చారన్నం ఎక్కడ అని అడుగుతారు. రెండవ నెలకు ఏ వీధిలో ఎవరు ఏమి వండుతారో వారికి పటం గీచినట్లు తెలుస్తుంది. ఆ పటంలో ఈ దేశపు చరిత్ర కొంత ఇమిడి ఉన్నది.

చారన్నం వెదకేవానికి అందరూ చూపే త్రోవ మాతుంగాకు. దక్షిణాదివారు స్థిరపడిన పేట అది. అక్కడ స్టేషనుకు దగ్గరగా ఎ. రామనాయక్ గారు 1942లో నెలకొల్పిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు ఈనాటికిని అరిటాకు వేసి వడ్డిస్తున్నది. సాంబారు, చారు, కూరలు, మజ్జిగ, పాయసం, ఉత్తరాదివారి కొరకు పూరీ. యుద్ధకాలంలో, బియ్యానికి కరువైన దినాలలో మొదలిడిన హోటలు ఇంతకాలం నిలవడం సామాన్యం కాదు. ఉడిపి శ్రీకృష్ణ దేవాలయపు వంటశాల సంప్రదాయం దక్షిణ కన్నడ జిల్లానుండి బయలుదేరి మద్రాసుకు, మన కోస్తా పట్టణాలకు, బొంబాయికి ప్రాకినది. మొదట బ్రాహ్మణ వంటవారిది, తరువాత బంట్లు మొదలైన ఇతర కులాలవారిది కూడ అయినది. 1974 నాటి కర్ణాటక భూసంస్కరణల తరువాత కౌలుకిచ్చిన భూములు పోయిన బంట కుటుంబాలవారు అనేకులు బొంబాయి హోటళ్ళను ఆశ్రయించినారు.

ఉపాధ్యాయులు ప్రత్యేకించి తెలిసికొనదగిన విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. ఈ హోటళ్ళలో బల్లలు తుడిచి, గ్లాసులు కడిగే పనికి తుళునాడునుండి వచ్చినవారు చాలమంది బడి ఈడు పిల్లలు. వారికొరకు బొంబాయిలోని కన్నడ సంఘాలు రాత్రిపాఠశాలలు నడిపినవి. పగలంతా ఎంగిలి బల్లలు తుడిచిన చేతులు రాత్రి పలక పట్టినవి. ఆ బడులలో చదివి మెట్రిక్ గట్టెక్కి, గుమాస్తాలై, ప్లీడర్లై, తామే హోటలు యజమానులైనవారు ఎందరో ఉన్నారు. ముందు కడగడం, పిమ్మట వడ్డించడం, ఆపైన గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం అనే ఈ మెట్లన్నిటికి పునాది ఆ రాత్రిబడి. పిల్లలచేత పని చేయించడం తప్పే. ఆ తప్పును ఎవరూ సమర్థించరాదు. కాని ఆ తప్పు నడుమ దీపం వెలిగించి కూర్చున్న ఉపాధ్యాయుని మరువడం కూడ తప్పే.

ఇంత మాత్రాన ఆనాటి ఫలహారశాల అందరిదీ అనుకొనరాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశలలో బ్రాహ్మణులకు వేరు పంక్తి, కొందరికి వేరు గ్లాసులు, మరి కొందరికి ప్రవేశమే లేదు. మాతుంగాకు కాలినడక దూరంలో, దాదరు హిందూ కాలనీలో, రాజగృహ అనే ఇంట డాక్టరు అంబేద్కరు నివసించినారు. అమెరికాలో చదివి వచ్చి బరోడా కొలువులో చేరిన దినాలలో ఆయన తలదాచుకొనిన పార్సీ సత్రంనుండి కర్రలు పట్టినవారు వెళ్ళగొట్టిన ఉదంతం ఆయనే వ్రాసినారు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణం తెరచి చూడండి. అందులో బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు దుకాణాలు, హోటళ్ళు, సార్వజనిక భోజనశాలలు పేరుపేరున చెప్పబడినవి. కులమతాల కారణంగా వాటిలో ఎవరికిని ప్రవేశం నిరాకరించరాదు. ఒక దేశపు మూలశాసనం కాఫీ హోటలును పేర్కొనవలసి రావడంలోనే ఎంత కథ ఉన్నదో ఆలోచింపదగును. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దానికి తోడైనది. పౌరనీతి పాఠంలో ఈ అధికరణాన్ని బట్టీ పట్టించే బదులు ఇడ్లీ పళ్ళెం ముందు చెప్పితే పిల్లలకు బాగుగా పట్టుబడుతుంది.

చట్టం రాకముందే ఈ పట్టింపులను కొంత సడలించినది ఇరానీ హోటలు. ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాలనుండి వలసవచ్చిన జరతుష్ట్ర మతస్థులు వీటిని నెలకొల్పినారు. వీధి మూల స్థలాలు అశుభమని హిందూ వర్తకులు తీసికొనకుండ వదలిపెట్టగా వారు చవుకగా పుచ్చుకొన్నారని చెప్పుతారు. ఎవరి అశుభం ఎవరికి శుభమో! రెండు వీధులనుండి గాలి, వెలుతురు, బేరం వచ్చిపడినవి. పాలరాతి బల్లలు, వంపుకర్ర కుర్చీలు, గోడలకు అద్దాలు. యజమాని హిందువు కాడు గనుక ఎవరు ఏ కులమని అడిగేవాడు కాడు. మిల్లు కూలీ, కాలేజీ విద్యార్థి, పందెపు రాయుడు, నిరుద్యోగ కవి ఒకే బల్ల దగ్గర చాయ్‌లో వెన్న పూసిన బన్ను ముంచుకొని తినేవారు. హైదరాబాదువారికి ఈ దృశ్యం క్రొత్త కాదు.

దోభీ తలావు దగ్గర 1904లో వెలసిన కయానీ, బల్లార్డు ఎస్టేటులో 1923 నాటి బ్రిటానియా వీటిలో ప్రసిద్ధమైనవి. బ్రిటానియాలో వండే పులావు మీద ఇరాన్‌నుండి తెప్పించిన పుల్లని ఎండుపండ్లు చల్లుతారు. మన చింతచిగురు పులుపు ఎరిగిన నాలుక వాటిని ఇట్టే మెచ్చుకొంటుంది. అక్కడ బల్లబల్లకు వెళ్ళి అతిథులను తానే పలుకరించిన బోమన్ కోహినూర్ గారు 2019లో 97వ యేట కాలం చేసినారు. బస్తానీ అనే మరొక హోటలులో ఏమేమి చేయరాదో వరుసగా వ్రాసిన పలక ఒకటి ఉండేది. దానినే వస్తువుగా గ్రహించి నిస్సీం ఎజెకీల్ ఇంగ్లీషులో ఒక కవిత వ్రాసినారు. ఆ హోటలు నేడు లేదు, కవిత పాఠ్యపుస్తకాలలో ఉన్నది. ఒకప్పుడు వందలుగా ఉన్న ఇరానీ హోటళ్ళలో ఇప్పుడు మిగిలినవి బహు కొద్ది. ఇరానీల సంఖ్య తగ్గినది, చదువుకొన్న పిల్లలకు తెల్లవారుజామున రొట్టెల పొయ్యి దగ్గర నిలిచే కోరిక లేదు, మూలస్థలం ధర కోట్లకు ఎక్కినది. ఇందులో ఎవరినని నిందించగలం?

కాల్బాదేవిలో 1945 నాటి ఠాకర్ భోజనాలయంలో గుజరాతీ పళ్ళెం పెడతారు. పప్పులో బెల్లం తగిలితే తెలుగువాడు మొదట మొగం చిట్లిస్తాడు, నాలుగవనాడు అడిగి వేయించుకొంటాడు. భెండీబజారులో తెల్లవారుజామున నహారీ, రంజాను మాసంలో మహమ్మదాలీ రోడ్డున రాత్రంతా దీపాలు. దాదరులోని మాల్వణీ భోజనశాలలలో చేపల పులుసు ముగిసిన తరువాత కొబ్బరిపాలలో కోకం పులుపు కలిపిన గులాబిరంగు సోల్‌కఢీ ఇస్తారు. మన మజ్జిగ వలెనే అది వేడిని దించుతుంది. ఇక కలకత్తాలో పుట్టిన చైనా సంతతివాడు నెల్సన్ వాంగ్ 1975లో ఇక్కడి క్రికెట్ క్లబ్బు వంటశాలలో అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరప వేయించి, మసాలాకు బదులు సోయా ద్రావకం పోసి ఒక వంటకం కల్పించినాడు. దాని పేరే మంచూరియా. మంచూరియా దేశంలో ఆ వంటకం ఎవరికిని తెలియదు. తెనాలిలోను, జగిత్యాలలోను సాయంకాలం తోపుడుబండి ముందు నిలిచే కుర్రవాడు మాత్రం అది చైనావారి తిండియేనని నమ్ముతాడు.

వీటన్నిటికన్న ఎక్కువమందికి అన్నం పెట్టిన చోట్లకు పేరుపలక లేదు. పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతాల బట్టల మిల్లులలో పనిచేసినవారు కొంకణంనుండి, సాతారానుండి, తెలంగాణనుండి వచ్చినవారు. భార్యాబిడ్డలు ఊళ్ళో, తాము పదిమందితో కలిసి ఒక గదిలో. వారిలో మన పద్మశాలీలు గణనీయంగా ఉండేవారు. అంతకుముందే భవన నిర్మాణానికి వచ్చిన తెలుగు కూలీల పేరున కామాఠిపుర అనే పేట ఏర్పడినది. నగరాన్ని కట్టినవారు, నేసినవారు అయిన తెలుగువారు అక్కడ ఉడిపివారి వలె హోటళ్ళకు పేరు తెచ్చుకొనలేదు, కారణం పరిశోధింపదగినది. ఈ కార్మికులకు చాళ్ళలోని స్త్రీలు తమ ఇంటనే వండి నెలకు ఇంత అని పెట్టేవారు. వాటిని ఖానావళి అన్నారు. మన పూటకూళ్ళమ్మ అక్కడ వందలుగా, వేలుగా ఉన్నది. జీతాలు వచ్చినప్పుడే ఆమెకు డబ్బు. ఆలోగా బియ్యానికి, నూనెకు కోమటి వద్ద అధిక వడ్డీకి అప్పు. సమ్మె వస్తే తినేవానిది అరువు, వండేదానిది అప్పు. 1975లో ప్రేమా పురవ్ గారు ఈ స్త్రీలను అన్నపూర్ణ మహిళా మండలి పేర సంఘటితపరచి, జాతీయ బ్యాంకులనుండి అప్పులు ఇప్పించినారు. తాకట్టు పెట్టడానికి వంట గిన్నెలు తప్ప ఏమీ లేని స్త్రీలు బ్యాంకు మెట్లెక్కడం ఆనాడు వింత. వారు అప్పు తీర్చినారు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగినారు. ఆ సమ్మె విరమించినట్లు నేటికిని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు ఒకటొకటే మూతపడినవి, ఖానావళులకు తినేవారు పోయినారు. దాదరు స్టేషను బయట 1966లో పుట్టినదని చెప్పే వడాపావ్‌ను బ్రతుకుతెరువుగా చేసికొని కొందరు కార్మికులు బండి పెట్టుకొన్నారు. పోర్చుగీసువారి రొట్టె, వారే తెచ్చిన దుంప, మనవారి శనగపిండి. మిల్లు స్థలాలలో అంగడి సౌధాలు, గాజు హోటళ్ళు లేచినవి. 2017 డిసెంబరు 29 నాటి రాత్రి కమలా మిల్లు ఆవరణలోని ఒక మేడమీది విందుశాలలో మంటలు లేచి 14 మంది మరణించినారు. ఆ ఆవరణల గేట్ల వెలుపల మధ్యాహ్నపు వేళ, లోపలి కార్యాలయాలలో ఊడ్చేవారు, కాపలావారు నిలబడి వడాపావ్ తింటారు. లోపలి ధరలు వారికి అందవు.