రెప్పకు అందని వెలుగు

టోంగాట్‌లోనో చాట్స్‌వర్త్‌లోనో, మీ ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఉండే ఉంటుంది. అమ్మమ్మ తెలుగు సినిమాలు చూసిన పెట్టె. ఒకరోజు మీ అబ్బాయి స్క్రూడ్రైవర్ పట్టుకొని దాని ముందు కూర్చుంటే, ఏం చేస్తున్నావని అడగండి. "లేజర్ తీసి టార్చిలో పెడతాను. దాంతో అగ్గిపుల్ల అంటుకుంటుంది" అంటాడేమో.

ఆ పెట్టెతో అగ్గిపుల్ల అంటుకోదు. ప్లేయర్ డిస్కును చదువుతుంది, అంతే. కంప్యూటర్‌లోని డీవీడీ రైటర్ వేరు. అది డిస్కు మీద రాస్తుంది. రాయడానికి వేడి కావాలి. అందుకే దాని ఎర్ర లేజర్ 100 మిల్లీవాట్లు దాటగలదు. పిల్లలు వెతికేది దాన్నే.

ఇంట్లో బల్బు 9 వాట్లు కదా, 100 మిల్లీవాట్లు ఎంత అనుకోకండి. బల్బు వెలుగు గదంతా పరుచుకుంటుంది. లేజర్ సన్నని గీతలా వస్తుంది. కంట్లో పడితే, కంటి కటకం ఆ గీతను ఇంకా చిన్న చుక్కగా చేస్తుంది. ఆ చుక్క రెటీనా మీద, అంటే కంటి వెనుక తెర మీద పడుతుంది. అక్కడ తెర కాలుతుంది. వేలు కాలితే నొప్పి పుడుతుంది, చెయ్యి వెనక్కి తీస్తాం. రెటీనాకు నొప్పి తెలియదు. తరువాత చదువుతుంటే అక్షరాల మధ్య ఒక మచ్చ కనిపిస్తుంది. అది పోకపోవచ్చు.

"కంటికి రెప్పలా కాపాడాడు" అంటాం కదా. రెప్ప మూయడానికి సుమారు పావు సెకను పడుతుంది. 1 మిల్లీవాట్ పాయింటర్‌కు ఆ రెప్ప చాలు. ఆ హద్దు పెట్టింది కూడా ఆ లెక్కతోనే. 100 మిల్లీవాట్లకు రెప్ప ఆలస్యం. చవక ఆకుపచ్చ పాయింటర్లలో ఇంకో చిక్కు ఉంది. లోపల ఫిల్టర్ లేకపోతే కంటికి కనిపించని కిరణాలు కూడా బయటికి వస్తాయి. కనిపించని వెలుగుకు రెప్ప వాలదు!

తయారుచేసేటప్పుడే ప్రమాదం ఎక్కువ. బ్యాటరీకి నేరుగా కలిపితే డయోడ్ పోతుంది. కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూట్ కావాలి. అది వెలిగాక, ఇంకొంచెం వెలుగు కోసం కరెంటు పెంచుతారు. కటకం తిప్పుతూ చుక్కను దగ్గరగా చూస్తారు. బల్ల మీద చెంచా ఉన్నా చాలు, కిరణం ముఖం మీదికి తిరిగి వస్తుంది. నల్ల కళ్లద్దాలు ఆపవు. లేజర్ కళ్లద్దాలు కూడా రంగును బట్టి వేరు: డీవీడీ ఎరుపు 650 నానోమీటర్లు, బ్లూ-రే ఊదా 405. ఒకదాని అద్దం రెండోదానికి పనికిరాకపోవచ్చు.

ఇక ఆకాశం సంగతి. టోంగాట్ పక్కనే కింగ్ షాకా విమానాశ్రయం. విమానం వైపు లేజర్ తిప్పితే పైలట్‌కు కళ్లు చెదురుతాయి. అది నేరం కూడా.

అబ్బాయిని ఊరికే "వద్దు" అంటే వినడు. నమ్మకమైన దుకాణంలో 1 మిల్లీవాట్ ఎర్ర పాయింటర్ కొనివ్వండి. చవకవాటి మీద రాసిన అంకె నిజం కాకపోవచ్చు. పాత సీడీ మీద ఆ కిరణం వేస్తే గోడ మీద చుక్కల వరుస పడుతుంది. చుక్కల దూరం కొలిచి, సీడీ మీది గీతల మధ్య ఎంత ఎడం ఉందో లెక్క కట్టమనండి. జవాబు 1.6 మైక్రోమీటర్ల దగ్గర రావాలి.